పోయినోళ్ల బొమ్మలేసే టీచరు

మా గల్లీలో నాకున్న పేరు అది. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు పోతే మాత్రం మూడోనాడే ఓటరు కార్డు పట్టుకుని మా గేటు దగ్గర నిలబడతారు. స్టూడియోలో ఆ కార్డు ఫొటోను పెద్దది చేయిస్తే ముక్కూ మూతీ కలిసిపోయి అలుక్కుపోతుందట. "జర మంచిగ గీయి టీచరమ్మా, ఇంట్ల ఇంకొక్క ఫొటో లేదు" అంటారు. నేను బొగ్గు ముక్క తీసి గీస్తాను. వాళ్లు దండ వేసుకుని, అగరుబత్తి వెలిగించుకుని, నన్ను మళ్లీ ఇంకొకరు పోయేదాకా మరిచిపోతారు.

బొగ్గు నాకు ఏ డ్రాయింగు క్లాసులోనూ పరిచయం కాలేదు. హన్మకొండ చౌరస్తా దగ్గర మా బాపుకు ఇస్త్రీ బండి ఉండేది. పొద్దున్నే బొగ్గులు రాజేసి, ఇస్త్రీ పెట్టెలో నింపి, రెండుసార్లు గాలికి ఊపి బూడిద ఎగరగొట్టి పని మొదలుపెట్టేవాడు. బస్తా విప్పగానే బొగ్గును బండ మీద వేసి చూసేవాడు. ఖంగుమని మోగితే మంచిది, పెట్టెలో చాలాసేపు నిలుస్తుంది. మోగనిదాన్ని పక్కకు విసిరేసేవాడు. ఆ మోగనివే నాకు కావాలి. గట్టి బొగ్గు బండను గీరుతుంది కానీ నలుపు దిగదు. మెత్తటిది వేలు పెట్టి లాగితే చాలు, పొగ పాకినట్టు పాకుతుంది. కాబట్టి బొగ్గుల దగ్గర బాపుకూ నాకూ ఎప్పుడూ పేచీ రాలేదు.

పేచీ వచ్చిందల్లా అమ్మతోనే. చుట్టూ ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు, మధ్యలో నల్ల చేతులతో నేను. ఒకసారి ఒక వకీలు గారి చొక్కా కాలరు మీద నా బొటనవేలు పడింది. అమ్మ నన్ను వీధి చివరిదాకా తరిమి తరిమి కొట్టింది. ఆ చొక్కా మళ్లీ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఇచ్చేసరికి ఆలస్యమై, వకీలు గారు ఆ రోజు రంగు చొక్కాతో కోర్టుకు వెళ్లారని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఆ వేలిముద్ర ఎంత చక్కగా, గీత గీతగా పడిందో అదే గుర్తుంది.

బండి పక్కన రేకుల షెడ్డులో సైన్‌బోర్డులు రాసే పెయింటర్ మామ ఉండేవాడు. వరసకు ఏమీ కాడు, అందరికీ మామే. బట్టల దుకాణం బోర్డు మీద చీర కట్టిన మనిషిని వేయాలంటే ముందు తెల్ల రేకు మీద బొగ్గుతో గీసుకునేవాడు. మెడ తిప్పి, ఎవరినో పిలవబోతున్నట్టు ఉండేది ఆ మనిషి. మర్నాటికి గులాబీ రంగు బుగ్గలు, ఎర్ర పెదవులు వేసేవాడు. దాంతో ఆమె కాస్తా దుకాణం బొమ్మ అయిపోయేది. నాకు ఏడుపొచ్చేది. రంగెందుకు వేశావని ఒకరోజు గట్టిగానే పోట్లాడాను. మామ నవ్వి, ఒక విరిగిన రేకు ముక్క నా ముందు పెట్టాడు.

"గీయి. తప్పు పోతే చెయ్యితోని తుడువు. తుడిసినకాడ గూడ బొమ్మ ఉంటది, జూస్కో" అన్నాడు.

నా చదువంతా ఆ ఒక్క మాటే. ఇప్పటికీ ఒక చెంప గీశాక అరచేత్తో తుడిచేస్తాను, మిగిలిన మసకలోంచి అసలు చెంప వస్తుంది. లెక్కల్లో తప్పు కొట్టేస్తే తప్పు పోతుంది. బొగ్గులో తప్పు కింద ఉండిపోయి పైదానికి పనికొస్తుంది. బడిలో రోజంతా సరైన జవాబులు రాసి వచ్చిన మనిషికి అది ఎంత హాయో చెప్పలేను. ఇప్పుడు సన్నని బొగ్గు కడ్డీల పెట్టె ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నాను. మా ఆయన స్విచ్చుల మీద, ఫ్రిజ్ తలుపు మీద నా వేలిముద్రలు చూసి గొణుగుతూనే ఉంటాడు, నేను వినిపించుకోను.

పోయినవాళ్ల బొమ్మలు మా అమ్మతో మొదలయ్యాయి. ఆమె పోయినప్పుడు మా దగ్గరా ఓటరు కార్డే ఉంది. అందులో ఆమె కెమెరాను చూసి భయపడ్డట్టు ఉంటుంది. ఆ భయాన్నే గీశాను, ఇంకేం గీయను? చూసినవాళ్లంతా అచ్చం ఆమే అన్నారు. నాకు మాత్రం అది అమ్మ కాదు, కార్డు. అప్పటి నుంచి ఎన్ని ముఖాలు గీసినా అన్నీ కార్డులే. ఎదురుగా కూర్చుని, ఊపిరి పీలుస్తూ, కాలు కదుపుతూ ఉన్న మనిషిని ఒక్కరినీ గీయలేదు. బాపు నా దగ్గరే ఉంటున్నాడు, ఎనభైకి దగ్గర పడ్డాడు. బాపును కూడా రేపొక కార్డు చూసి గీయాల్సి వస్తుందేమోనని నాకు దిగులు పట్టుకుంది.

బొమ్మకు కూర్చోమని ఒకరోజు అడిగేశాను. బాపు నా చేతిలో బొగ్గు చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"అప్పుడే నన్ను గోడకెక్కిస్తవా బిడ్డా?"

"బొమ్మ గీస్తే సచ్చిపోతరా బాపూ?"

"నువ్వు గీసినోళ్లల్ల బతికున్నోళ్లు ఎవ్వరన్న ఉన్నరా, చెప్పు?"

రంగుల్లో గీస్తేనే కూర్చుంటానన్నాడు. రంగులు నాకు చేతకావు. బతిమాలాను, అలిగాను, రెండు రోజులు టీలో చక్కెర తగ్గించాను. లొంగలేదు.

చివరకు దొంగతనానికి దిగాను. ఆదివారాలు బాపు వరండాలో పేపరు చదువుతాడు. వంటింటి కిటికీలోంచి నాలుగు ఆదివారాలు చూసి చూసి గీశాను. పప్పు రెండుసార్లు మాడింది. బొమ్మ పూర్తయ్యాక పొడి రాలకుండా పైన మందు కొట్టి ఆరబెట్టాలి. బాపు స్నానానికి వెళ్లాడు కదా, పావుగంటలో ఆరిపోతుందనుకున్నాను. హాల్లో ఖాళీగా ఉన్న మేకు ఒక్కటే. అది అమ్మ బొమ్మ పక్కన ఉంది. దానికే తగిలించి, బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్లాను.

సరిగ్గా అప్పుడే మా మేనత్త దిగింది. బాపుకు ఒక్కతే చెల్లెలు, నర్సంపేటలో ఉంటుంది. మా ఇంట్లో ఒక శుభకార్యానికి పెట్టిన చీర నచ్చలేదని అలిగి మూడేళ్లుగా గడప తొక్కలేదు. మనవడి పెళ్లి కుదిరితే ఇక తప్పక, పిలవడానికి వచ్చిందట. తెరిచిన తలుపులోంచి లోపలికి అడుగుపెట్టి, వదిన పక్కన గోడ మీద అన్నను చూసింది.

మేడ మీద నాకు ఆ కేక వినిపించి బట్టలు అక్కడే వదిలేసి పరుగెత్తాను.

"ఓ అన్నా... ఓ నా అన్నా... పోయినవానే! ఈ పొల్ల నాకొక్క కబురన్న వెట్టకపాయెనే!" అత్త నేల మీద కూలబడి, నెత్తి బాదుకుంటూ రాగం తీస్తోంది. "నన్ను సంకనెత్తుకొని సర్కసుకు తీస్కపోతివే అన్నా... నా పెండ్లి బట్టలు నువ్వే ఇస్త్రీ జేస్తివే... చీర మంచిగ లేదని అలిగితినే అన్నా... నువ్వు వెట్టిన చీర బంగారమేనే... అది కట్టుకోనే కట్టుకుంటినే, నీకు చెప్పకపోతినే..."

మెట్ల దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే అత్త వెనకాల, స్నానాల గది తలుపు దగ్గర, నెత్తిన తువ్వాలుతో బాపు నిలబడి వింటున్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అత్త సర్కసు నుంచి మొదలుపెట్టి బాపు చేసిన మంచి పనులన్నీ పాడింది. చివరకు దమ్ము తీసుకోవడానికి ఆగింది.

"ఇంకొంచెం ఏడువు చెల్లె, మంచిగున్నది" అన్నాడు బాపు.

ఆమె వెనక్కి తిరిగి, చూసి, మరో కేక పెట్టింది. తర్వాత చేతిసంచీతో బాపును ఎడాపెడా బాదింది. బాదుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. ఆ తిట్లు ఇక్కడ రాయను.

టీ తాగాక బాపు లేచి మొదటిసారి ఆ బొమ్మ దగ్గరికి వెళ్లాడు. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ కుడి భుజం ఇంత లేవది. యాభై ఏండ్లు పెట్టె తోసిన భుజం, కిందికుంటది" అన్నాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు. "నాకు ఎట్ల ఏడుస్తరో యిన్న, ఇంక ఫికర్ లేదు. గీయి. కాని నవ్వేటట్టు గీయాలె. గోడల మీదున్నోళ్లు ఎవ్వరు నవ్వరు. నవ్వుతాంటె ఎవ్వరొచ్చినా బతికే ఉన్నడనుకుంటరు."

నవ్వు గీయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నవ్వమంటే బాపు పళ్లు బిగించి స్టూడియోలో కూర్చున్నట్టు కూర్చుంటాడు. అసలు నవ్వు రెండు క్షణాలు కూడా ఉండదు. అందుకని ప్రతి ఆదివారం అత్తకు ఫోన్ చేసి స్పీకర్ పెడతాం. ఆమె అక్కడి నుంచి "ఓ అన్నా..." అని ఎత్తుకుంటుంది. బాపు భుజాలు ఊగిపోతాయి, కళ్లు మూతపడతాయి, నా బొగ్గు పరుగు పెడుతుంది. ఒక ఆదివారానికి ఒక చెంప. ఇంకో ఆదివారానికి కంటి కొసన మడతలు. నల్ల చేత్తో చెమట తుడుచుకుని నా ముఖమంతా మసి అయితే అది చూసి బాపు ఇంకా నవ్వుతాడు. ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ బొమ్మ వేయలేదు.

నిజం చెప్పాలంటే ఆ బొమ్మ పోయిన ఆదివారమే పూర్తయింది. ఇక ఒక్క గీత పెట్టినా చెడుతుంది.

"అయ్యిందా బిడ్డా?" అని అడిగాడు బాపు.

"ఇంకా లేదు బాపూ, నోటికాడ కుదురుతలేదు" అన్నాను.

"ఫికర్ జెయ్యకు, మళ్ల ఆదివారం కూసుంట" అన్నాడు.