పెళ్లికూతురి లాంటి కాడిలాక్, పెద్దమనిషి లాంటి ఫోర్డు

వెండెల్ షెడ్డులో రెండు పాతకాలపు కార్లు దుప్పట్లు కప్పుకుని హాయిగా పడుకునేవి. ఆయన భార్య వెర్లా రోజూ నడిపే కారు మాత్రం ఇండియానా మంచులో బయట వణికేది. ఏటా అద్దం మీది మంచు గీకలేక విసిగిపోయిన వెర్లా ఈసారి ఆకులు రాలుతుండగానే తేల్చి చెప్పేసింది.

"మంచు పడేలోపు రెండిట్లో ఒకటి అమ్మెయ్. లేదంటే నువ్వే బయట పడుకో."

ఇక వెండెల్‌కి తిండి సయిస్తేనా! తండ్రి వదిలివెళ్లిన పంతొమ్మిదివందల ముప్పై ఒకటో సంవత్సరం ఫోర్డు నల్లగా, నిటారుగా, చర్చికి బయల్దేరిన పెద్దమనిషిలా ఉండేది. తాను కొనుక్కున్న యాభైతొమ్మిదో సంవత్సరం కాడిలాక్‌ది గులాబీ రంగు. వెనక సొరచేప రెక్కలు, పెళ్లికూతురిని మించిన సింగారం. ఫోర్డు మీద ఎలాగూ గీతలున్నాయి గనక వెర్లా నడిపినా ఊరుకునేవాడు. కాడిలాక్‌లో మాత్రం తాను కూడా కూర్చునేవాడు కాదు. తోలు సీటు నలుగుతుందట!

"ఫోర్డుకి ఒళ్లంతా పని, దీనికి ఒళ్లంతా షోకు. ఇంకా ఆలోచనేంట్రా?" అన్నాడు పక్కింటి డర్వుడ్.

"నీకేం తెలుసురా అందం!"

చివరికి ఊరి సంతలో జరిగే కార్ల పోటీలో ఓడినదాన్ని అమ్మాలనుకున్నాడు. పోటీనాడు కాడిలాక్‌ని డర్వుడ్ ట్రక్కు వెనక ట్రైలర్ మీద ఎక్కించి, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు. మడతకుర్చీలు, తాను చేసిన యాపిల్ పై మిఠాయి సర్దుకుని వెర్లా ఫోర్డులో వచ్చింది.

ప్రతి కారూ న్యాయనిర్ణేతల ముందు నుంచి తనంతట తాను నడిచి వెళ్లాలి, అదీ అక్కడి నియమం. వెండెల్ తాళం తిప్పాడు. కాడిలాక్ కిక్కురుమనలేదు. ఇంజిన్ మూత ఎత్తి చూస్తే బ్యాటరీ ఉండాల్సిన చోటు తళతళా మెరుస్తోంది, బ్యాటరీ లేదు. తుడవడానికి తీసి, అదీ ముద్దుగా ఉందని ఇంట్లో అలమారాలో పెట్టి వచ్చాడు మహానుభావుడు!

"ఏం చేద్దామయ్యా, తాడు కట్టనా?" అంది వెర్లా.

ముసలి ఫోర్డు టకటకలాడుతూ పెళ్లికూతుర్ని లాక్కుంటూ పోతుంటే సంతంతా చప్పట్లు కొట్టింది. డర్వుడ్ అయితే టోపీ తీసి మరీ వంగాడు. బహుమతి ఇంకెవరికో వెళ్లింది. తనంతట తాను నడవలేని కాడిలాకే ఓడినట్టు లెక్క.

సాయంత్రం ఒకావిడ కాడిలాక్ చుట్టూ తిరిగి, "అమ్ముతారటగా! రోడ్డు మీద ఎలా పోతుందండీ?" అని అడిగింది.

వెండెల్ దాన్ని ఎన్నేళ్లుగానో తుడిచాడు, రుద్దాడు. ఎలా పోతుందో ఆయనకేం తెలుసు?

"బ్యాటరీ రేపు పంపిస్తాను, మీరే నడిపి చూసుకోండమ్మా," అన్నాడు నీరసంగా. డబ్బు పుచ్చుకుని తాళం ఆవిడ చేతిలో పెట్టేశాడు.

ఇంటిదారి కంకరరోడ్డు. ఫోర్డులో వెర్లా పక్కన కూర్చున్న వెండెల్ డ్యాష్‌బోర్డు మీద దుమ్ము పేరుకోవడం చూసి, ఉండబట్టలేక జేబులోంచి మెత్తటి గుడ్డ తీశాడు. వెర్లా దాన్ని లాక్కుని మూతికంటిన యాపిల్ పై ముక్కలు తుడుచుకుంది.

"గట్టిగా పట్టుకో. మలుపొస్తోంది!" అంది.