జిగురత్త అట్టముక్క

లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు అతికించే ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. పిల్లా పెద్దా అందరికీ ఆవిడ జిగురత్తే. ఇరవై రెండేళ్ళుగా మెట్ల కింద గదిలో కూర్చుని, ఊడిన అట్టలకు జిగురు రాసి, పైన ఇనప దిమ్మ పెట్టి ఆరబెడుతుంది. చేతికి నీటు ఎక్కువ. దుప్పటి అంచుకి అంచు కలిపి మడవకపోతే ఇంట్లో కూతురికి చీవాట్లే.

నిరుడు పుస్తకాలకి ట్యాగులొచ్చాయి. స్టాంపుకి అన్నలాంటి తెల్ల చీటీ, లోపల సన్నటి తీగ చుట్ట. చేతిలో రీడరు పట్టుకుని అర ముందు తిప్పితే, పుస్తకం బయటికి తీయకుండానే ప్రతి చీటీ తన నంబరు చెప్పేస్తుందట. పిల్లల గదిలో పదహారు వందల పుస్తకాలకీ జిగురత్తే అతికించింది. అట్టముక్కకి కంత కోసుకుని, దాన్ని కొలతగా పెట్టి, వెనకట్ట లోపల అంచు నుంచి సరిగ్గా మూడు వేళ్ళ దూరంలో. వెంట్రుకవాసి తేడా లేదు. లైబ్రేరియనమ్మ ఆ అట్టముక్కని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయింది.

ఈ వారమే మొదటిసారి రీడరుతో లెక్క చూశారు. శుక్రవారం పొద్దున్నే లైబ్రేరియనమ్మ మొహం వేలాడేసుకుని మెట్ల కిందికి వచ్చింది.

"అత్తా, నాలుగు వందల పన్నెండు కనపడట్లేదు."

"ఏవి?"

"పిల్లలవే. పల్చటి బొమ్మల పుస్తకాలు. సోమవారం నుంచి ఇళ్ళకి ఇవ్వడం ఆపేయమంటున్నారు కమిటీవాళ్ళు."

జిగురత్త జిగురు కుంచె పక్కన పెట్టేసింది. లైబ్రరీ ఆరింటికి మూసేస్తారు. పనుల నుంచి వచ్చే తల్లులకి పిల్లల పక్కన కూర్చుని చదివే తీరిక దొరికేదే ఆ తర్వాత. తన కూతురికి చదువు అబ్బింది అలా ఇంటికి తెచ్చుకున్న పుస్తకాలతోనే.

"అన్ని పుస్తకాలు ఎత్తుకెళ్ళడానికి మన పిల్లలకి లారీ ఉందామ్మా?"

"నేనన్నానా? మిషను అంది."

"ఆ జాబితా ఇలా ఇవ్వండి. మిషనుకి కళ్ళజోడు కావాలేమో చూద్దాం."

జాబితాలో మొదటిది 'బాతు గొడుగు'. వెళ్ళి చూస్తే అరలో దర్జాగా కూర్చుని ఉంది. బయటికి తీసి రీడరు పెడితే కుయ్‌మంది. మళ్ళీ వరసలో దూర్చి పెడితే గప్‌చుప్. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

నాలుగు పుస్తకాలు నేలమీద ఒకదానిమీద ఒకటి పేర్చి, వెనకట్టలు తెరిచి చూసింది. నాలుగు చీటీలూ సరిగ్గా ఒకదాని వెనక ఒకటి. కూతురి స్కూలు ఫోటో గుర్తొచ్చింది. పొడుగాటి పిల్ల వెనక నిలబడ్డందుకు కూతురిది ఒక్క చెవి మాత్రం పడింది అందులో. మరి ఈ చీటీల్ని ఇలా నిలబెట్టింది ఎవరు? ఎవరో ఏమిటి, తనే.

చెప్పకపోతే నీటైన చేయి అన్న పేరు అలాగే ఉంటుంది.  అయినా మోకాళ్ళు పట్టుకుని లేచి, లైబ్రేరియనమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, పిల్లలది కాదు, మిషనుదీ కాదు. తప్పు నాది."

"నీటుగా అతికించడం తప్పేంటత్తా?"

"లావు పుస్తకాలకి మధ్యలో బోలెడు కాగితాలు అడ్డుంటాయి. ఈ పల్చటి వాటిలో చీటీలు ఒకదాని వీపుకి ఒకటి ఆనుకుని, ఒకదాని గొంతు ఒకటి నొక్కేసుకుంటున్నాయి."

ఇద్దరూ చీర చెంగులు దోపుకున్నారు. ఒక పుస్తకం ముందుకి, ఒకటి లోపలికి, ఇంకొకటి మధ్యలో, మెట్లుమెట్లుగా జరిపారు. రీడరుని ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి తిప్పారు. అరలన్నీ కుయ్‌కుయ్‌మంటూ పలికాయి. సాయంత్రానికి నాలుగు వందల పది తేలాయి.

ఇంకొకటి జిగురత్త గదిలోనే ఇనప దిమ్మ కింద ఆరుతోంది. "ఇనుము మీదేసుకుని పడుకుంటే నోరెలా పెగుల్తుంది పాపం," అని దిమ్మ తీసింది.

ఆఖరిది దొరకలేదు. లైబ్రేరియనమ్మ దాని పక్కన 'పోయింది' అని రాయబోతే జిగురత్త చెయ్యి పట్టుకుంది. "వెతుకుతున్నాం అని రాయండి."

అలాగే రాసి కమిటీకి ఫోను చేసింది. ఒక్కటేనా అని వాళ్ళు నవ్వారట. ఇళ్ళకి ఇవ్వడం ఆపలేదు.

సోమవారం ఆరింటికి పది నిమిషాలుందనగా ఒకావిడ పరుగున వచ్చి కూతురికి మూడు పల్చటి పుస్తకాలు తీసుకుంది. బల్లమీద వాటిని విసనకర్రలా పరిచి రీడరు పెడితే మూడూ పలికాయి. మెట్ల కింద జిగురత్త కొత్త పుస్తకాల కోసం కొత్త అట్టముక్క కోస్తోంది. ఈసారి దానికి మూడు కంతలు, ఎడంఎడంగా.