పెళ్లిచూపులకు బిడ్డతో వెళ్లినవాడు

పెళ్లిచూపులకు ఎవరైనా పండ్లు, తమలపాకులు తీసుకెళతారు. నేను పసిబిడ్డను తీసుకెళ్లాను. అప్పుడే నవ్వకండి, ఇంకా చాలా ఉంది. పెళ్లి కాకముందే తండ్రినై, ఆ తండ్రితనం ఎలా వదిలించుకోవాలో తెలియక ఒక ఊరు ఊరంతటి ముందూ పరువు పోగొట్టుకున్న ఘనుణ్ణి నేను.

కొత్త హిందూ చట్టాలు అప్పుడప్పుడే వచ్చిన రోజులవి. కడపలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేరాను. ఆయన మాటలు వినీ వినీ సగం ప్లీడరీ నాకే వచ్చేసిందనుకున్నాను. ఇంట్లో కూర మాడితే అది ఏ సెక్షను కిందికి వస్తుందో చెప్పేవాణ్ణి. ఈ నోరు మూతపడాలంటే పెళ్లి చేయాల్సిందేనని మా అమ్మ కమలాపురం దగ్గర ఒక పల్లెలో సంబంధం చూసింది. పిల్ల తండ్రి ఆ ఊరి మునసబు.

పొద్దున్నే మా మేనమామతో కలిసి బస్సు దిగాను. దారిలో వాగు కనబడగానే మామ వేపపుల్ల విరుచుకున్నాడు.

"నువ్వు నడుస్తాండు. నేను మొగం కడుక్కొని వస్తా."

ఊరి మొదట్లోనే చెత్తకుప్ప. కుప్ప మీద ఒక చేట. చేటలో పాతగుడ్డలు చుట్టిన పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. చుట్టూ చూస్తే నరమానవుడు లేడు. నా గుండె నీరైపోయింది. ఏ పాపాత్ములో పారేసి పోయారనుకుని, కొత్త ఉత్తరీయంలో చుట్టి ఎత్తుకున్నాను. మునసబుకు అప్పగిస్తే చట్టానికి చట్టం, కాబోయే మామగారి ముందు గొప్పకు గొప్ప అని లోపల ఒక లెక్క కూడా వేసుకున్నాను. మరి గుమాస్తా బుర్ర కదా!

మునసబు అరుగు మీద చాప పరిచి నా కోసమే చూస్తున్నాడు. పక్కన ఊరి పురోహితుడు.

"రాప్పా, రా," అన్న మునసబు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. "ఎవురా బిడ్డ?"

"కుప్ప మీద దొరికినాడు."

ఆయన ఇంకో మాట అనేలోపే వీధిలో గోల. ముందు ఒక ఆడమనిషి, వెనక ఒక మగమనిషి పరుగెత్తుకొచ్చారు. నేతపని చేసే ఓబులేసూ, అతని అక్క ఎల్లమ్మా.

"అయ్యో, వీని పాడుగాను! నేను ఒడిలో తవుడు పెట్టుకొని గోడ సాటున నిలబడుంటి. అట్ల తిరిగితినో లేదో, బిడ్డనెత్తుకొని పాయ!" అంది ఎల్లమ్మ.

"మీ బిడ్డా? ఇంగేం, తీసుకోప్పా," అని ఓబులేసుకు చాచాను. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ముట్టుకోకూడదప్పా. నాకు పుట్టినోళ్లు ఇద్దరూ పురిట్లోనే పోయిరి. అందుకే ఈన్ని కుప్ప మీద పెట్టినాం. ఈడు నా కొడుకు కాదు, దొరికినోడు. ముందు ఎవురెత్తుకుంటే వాళ్ల బిడ్డ. మా యక్క తవుడిచ్చి కొనుక్కోని, మాకు పెంచేదానికి ఇయ్యాల. అప్పుడే దక్కుతాడు."

పుట్టిన బిడ్డలు బతకని ఇంట్లో మృత్యువును అలా ఏమారుస్తారని ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. టౌనులో పెరిగిన నాకు తప్ప.

పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. "కన్నోడొక్కడే తండ్రి కాదు నాయనా. ఎత్తుకున్నోడూ తండ్రే."

"ఊరు నువ్వే తండ్రివంటాండాది. శాస్త్రమూ అట్లే అంటాండాది. నువ్వు చట్టం తెలిసినోనివి కదప్పా, చట్టమేమంటాది?" అన్నాడు మునసబు.

అక్కడ నోరు మూసుకోవాల్సింది. కానీ నన్ను చట్టం అడిగిన మొదటి మనిషి ఆయనే! ఛాతీ రెండింతలైంది.

"కొత్త చట్టం ప్రకారం పెళ్లి కానోడు కూడా దత్తత తీసుకోవచ్చు!"

"మళ్లా ఎనక్కి ఇయ్యొచ్చునా?"

"వీల్లేదు! ఒకసారి తీసుకున్నాక రద్దు చేసే హక్కు తండ్రికి లేదు!"

ఓబులేసు ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు.

"అంటే... నా బిడ్డ కడపకు పోతాడా?"

తన కొడుకు కాదన్న మాట అతనికి గుర్తే లేదు. నేనేం చేశానో అప్పుడు గాని నా తలకెక్కలేదు. బిడ్డ ఉత్తరీయం తడిపి, అది దాటి నా చొక్కా తడుపుతున్నాడు.

"పాలకు ఏడుస్తాండాడు. ముందు తల్లి కాడికి పంపండి," అని తలుపు వెనక నుంచి ఆడపిల్ల గొంతు.

"ఎట్ల పంపేదమ్మా, తండ్రి ఒప్పుకోవాల గదా," అన్నాడు మునసబు. అందరూ నా వైపు చూశారు.

చెమటలు కారుతుండగా నా జీవితంలో మొదటి వాదన మొదలుపెట్టాను.

"ఎల్లమ్మా, నేను తవుడిచ్చినానా?"

"యాడిచ్చినావు? ల్యా."

"తవుడియ్యకుండా ఎత్తుకుంటే కొన్నట్టేనా?"

"ఎట్లయితాది?"

"మునసబు గారూ, మందిసొత్తు కొనకుండా ఎత్తుకుపోతే ఏమంటారు?"

మునసబు గడ్డం గోక్కున్నాడు. "దొంగతనమంటారు."

"ఆ! అదీ! నేను తండ్రిని కాదు, దొంగను! ఈ ఊరి బిడ్డను దొంగిలించినాను! దేవుని తోడు, నేను దొంగనే!"

సరిగ్గా అప్పుడే మామ ముఖం కడుక్కుని, విభూతి పెట్టుకుని, "మా పిల్లోడు శానా యోగ్యుడు" అని చెప్పడానికి సిద్ధమై వాకిట్లోకి వచ్చాడు. నా కేక చెవిన పడగానే పెట్టిన కాలు వెనక్కి తీశాడు.

ఊరంతా వెంట రాగా బిడ్డను మళ్లీ కుప్ప మీద పెట్టాను. ఎల్లమ్మ చేటలో తవుడు పోసి, ఏమీ ఎరగనట్టు, "అయ్యో, ఎవురిదో బిడ్డ దొరికె!" అని ఎత్తుకుంది. ఆమె చేతుల్లోంచి బిడ్డను అందుకుని ఓబులేసు నవ్వుతూనే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

"పా, బస్సుకు టైమాయ," అని మామ నా రెక్క పట్టుకున్నాడు. మునసబు మాత్రం ఆగమని చెప్పి, లోపలికి వెళ్లి కూతురితో మాట్లాడి వచ్చాడు.

"ఏడ్సే బిడ్డను సూసి పక్కకు పోకుండా ఎత్తుకున్న్యాడు, చాలు అంటాండాది మా పిల్ల. దొంగయినా చేసుకుంటాదంట. ఆ చట్టం మాత్రం కడపలోనే ఇడిసిపెట్టి రావాలంట."

పెళ్లినాడే ఆమె తలపై చెయ్యిపెట్టి ఒట్టు వేశాను. ఏడ్చే బిడ్డ ఎక్కడ కనబడినా ఎత్తుకుంటాను గానీ, ఆ బిడ్డ తల్లిపాలు తాగి నిద్రపోయేదాకా చట్టం అన్న మాట చచ్చినా ఎత్తనన్నాను. అలాంటి ఒట్లు చట్టప్రకారం చెల్లవని నాకు అప్పుడే తెలుసు. నోరు మూసుకున్నాను.