పూజలో పెట్టిన ట్యాబ్

భార్గవి చేచి పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చిందంటే ఎవరి మీదో ఫిర్యాదు ఉన్నట్టే. ఆ విజయదశమి నాడు ఫిర్యాదు సాక్షాత్తు సరస్వతీదేవి మీద.

"టీచరే, అమ్మవారు నా ట్యాబ్‌ని మింగేసింది. ఎంత నొక్కినా కంపెనీ పేరు తప్ప ఇంకేమీ రావట్లేదు."

కేరళలో చేర్తల దగ్గర మా ఊళ్లో ఈమెను ఎరగనివాళ్లు లేరు, అందరికీ చేచి, అంటే అక్కే. చిన్నప్పటి నుంచీ కొబ్బరి పీచు కొట్టి, తాళ్లు పేనిన మనిషి. అరవై దాటాక నా సాక్షరతా తరగతిలో చేరింది. అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే నాతో పేచీ మొదలుపెట్టింది. పుస్తకంలో ఆవు గురించి ఉంది, మేక గురించి ఉంది, పీచు కొడుతూ ఆడవాళ్లు పాడే పాటలు ఎందుకు లేవట! విసుగొచ్చి "నువ్వే రాయి" అన్నాను. రాసింది. తరగతిలో ఇచ్చిన ట్యాబ్‌లో వేలితో దిద్దుకుంటూ ఏడాది పాటు రాసింది. యంత్రాలొచ్చి ఆ పని పోయాక ఆ పాటలు పాడేవాళ్లూ లేరు. కాగితం మీదికి ఎక్కించమని నేను మొత్తుకుంటే "చూద్దాంలే" అనేది. అంటే ఆ పాటలన్నీ ఉన్నది ఆ ఒక్క ట్యాబ్‌లోనే.

అష్టమి సాయంత్రం అందరూ పుస్తకాలు పూజకు పెడితే ఈమె ట్యాబ్ పెట్టింది. దశమి పొద్దుటి దాకా చదవకూడదు, రాయకూడదు. అంతవరకూ బాగానే ఉంది.

"స్విచాఫ్ చేసే పెట్టావా?" అన్నాను.

"అదేం మాట టీచర్! అమ్మవారి ముందు వెలిగేదాన్ని ఎవరైనా ఆర్పుతారా?"

తెర ఆరకుండా సెట్టింగ్ కూడా మార్చిందట. ఆ విద్య నేర్పిన మహాతల్లిని నేనే. పైన పట్టుగుడ్డ కప్పి, దాని మీద రామాయణం పెట్టింది. అది లోపల్లోపలే వేడెక్కి, ఏదో అప్‌డేట్ మధ్యలో చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది.

అంటిన గంధం తుడిచి చార్జింగ్‌కి పెట్టాను. ప్రసాదం అటుకులు నములుతూ కూర్చున్నాం. ఇంతలో తంకమణి వచ్చింది. ఒకరు రాట్నం తిప్పితే ఒకరు తాడు పేనిన జంట వీళ్లిద్దరూ. తరగతికి రమ్మని ఎంత బతిమాలినా తంకమణి మాత్రం రాలేదు.

"పోయిందా నీ పెట్టె? నోట్లో ఉన్న పాటని తీసుకెళ్లి గాజుపెట్టెలో పెట్టమని ఎవరు చెప్పారే?"

"నోరుముయ్యి. వేలిముద్ర వేసేదానివి నువ్వా నాకు చెప్పేది?"

"నా వేలికి చార్జింగ్ అక్కర్లేదమ్మా."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాను. ఆరింది, మళ్లీ వెలిగింది, మళ్లీ కంపెనీ పేరే. వాల్యూమ్ బటన్ కూడా కలిపి నొక్కితే నల్లటి తెర మీద చిన్న చిన్న అక్షరాలు వచ్చాయి. మళ్లీ మొదలవ్వమన్నాను, అవలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, లోపలున్నదంతా చెరిపేసి కొత్తదానిలా చేయడం. టౌన్‌లో బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే అతనూ అదే అన్నాడు. పాటలు దక్కవన్నాడు.

భార్గవి చేచి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

"ఏడాది కష్టం టీచర్," అంది చివరికి. "సరే, చెరిపెయ్. కానీ నొక్కేది నేనే."

ఎక్కడ నొక్కాలో చూపించాను. నొక్కింది. కాసేపటికి ట్యాబ్ తెల్లగా వెలిగి, నీ భాషేదని అడిగింది.

"ఇన్నాళ్లూ రాసింది ఏ భాషనుకుంది ఇది?" అని తిట్టి, ఖాళీ పేజీ తెరిపించుకుని మొదటి పాట ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర ఆగిపోయింది. ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

తంకమణి గోడకేసి చూస్తూ ఆ చరణం అందుకుంది. అది పాడి తర్వాతిది పాడింది, ఆ తర్వాతిది కూడా. భార్గవి చేచి వేలు గాల్లోనే ఉండిపోయింది.

"ఈ చివరిది నేను రాయనే లేదే! నీకు తెలిసి కూడా ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?"

"నన్ను అడిగావా ఏనాడైనా? తరగతి కాగానే పెట్టె ముందేసుకుని కూర్చునేదానివి. మా ఇంటి గుమ్మం తొక్కి ఎన్నాళ్లయింది?"

భార్గవి చేచి ఆ పేజీ పక్కకు నెట్టి, కొత్తది తెరిచి, తంకమణి చెయ్యి పట్టి లాగింది.

"ఇవాళ దశమి, అక్షరాలు దిద్దే రోజు. కూర్చో."

"పో, ఈ వయసులో నాకెందుకే!"

"పాటలు నీ దగ్గర ఉన్నాయి. అన్నీ నేనే రాయాలా? నాకు చేతులు నొప్పి."

చిన్నపిల్లల చేత బియ్యంలో రాయించినట్టే, వేలు పట్టుకుని తెర మీద అక్షరాభ్యాసపు తొలి మాట 'హరిశ్రీ' దిద్దించింది. గీతలు వంకరటింకరగా పడ్డాయి. తంకమణి తల పక్కకి వాల్చి వాటిని చాలాసేపు చూసింది.

"ఇందులో నా పేరులో అక్షరాలు ఏవే?"

"ఇందులో లేవు."

"అయితే ఇది తీసెయ్," అంది తంకమణి, పీట ముందుకు జరుపుకుంటూ. "నా పేరు పెట్టు."