కింది కొమ్మ కాయలు

ఈ ఉదయం బజారులో మాగిన సీతాఫలాల వాసనకు పెనుకొండ కొండ గుర్తొచ్చింది. నా చిన్నప్పటి మాట; అవి యుద్ధం రోజులు, తిండికి కరువు. ఏడేళ్ల నేను అవ్వ వెంట కొండకు వెళ్లి కాయలు కోసేదాన్ని. ఎంత ఇబ్బందిలోనూ అవ్వ కింది కొమ్మల జోలికి పోనిచ్చేది కాదు.

"అవి ఎలుగొడ్డువి, ముట్టుకోవద్దు."

ఎలుగుబంటి మీద అవ్వకు ప్రేమనుకున్నాను. అది మా ఇంటికీ వస్తుందని ఓ సాయంత్రం గడప ముందు రెండు పండ్లు పెట్టాను. అవ్వ వాటిని చూసి తిట్టలేదు. నా చేతికే ఇచ్చి, కొండదాకా నడిపించి, చెట్టు కిందే పెట్టించింది.

"ఆడ తిండి ఉంటే అది ఈడికెందుకు వస్తాది మే?"

నిన్న ఎలుగుబంటి ఊళ్లోకి దిగితే జనం కర్రలతో తరిమారని ఈ ఉదయం బజారులో పండ్లామె చెప్పింది. కింది కొమ్మలకు ఏమైనా వదిలారా అని అడగబోయి, నిండుగా ఉన్న ఆమె తట్ట చూసి ఊరుకున్నాను.