మస్తానక్క బాకా

పొగడ్త అంతా అల్లాహ్‌దే. మట్టిలో ఊపిరి ఊది మనిషిని నిలబెట్టినవాడు ఆయన. ఇచ్చిన ఊపిరిని ఒకనాడు తిరిగి తీసుకునేవాడు ఆయన. మధ్యలో దాన్ని దేనికి ఖర్చు చేశావని అడిగేవాడూ ఆయనే. నా ఊపిరికి దారి చూపించిన మనిషి గురించి రాయబోతున్నాను కనుక, ముందు దాని అసలు యజమానిని తలుచుకున్నాను.

ఇత్తడి పట్టుకున్న చేతికి ఒక వాసన అంటుకుంటుంది. నాణేలు గుప్పిట్లో చాలాసేపు పెట్టుకుంటే వచ్చే వాసన లాంటిది. ఈ రోజు సాధన ముగించి, నమాజుకు ముందు వుజూ చేసుకుంటూ చేతులు మూడుసార్లు కడిగినా అది పూర్తిగా పోలేదు. కుళాయి కట్టేసి అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మస్తానక్క గుర్తుకొచ్చింది. డాక్టర్ మస్తానమ్మ. సౌదీలో ధహ్రాన్ దగ్గర మేము పనిచేసే విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. మా అధ్యాపకుల ఇత్తడి వాద్యబృందంలో యుఫోనియం ఊదేది. రెండు చేతులతో ఒళ్ళోకి ఎత్తుకోవలసినంత పెద్ద బాకా అది. మన ఊళ్ళ పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ల గోల కింద బొంగురుగా, తియ్యగా నడిచే గొంతు దానిదే. మా బృందంలో ఎవరూ సంగీతం మీద బతికేవాళ్ళు కాదు. అందరం పాఠాలు చెప్పుకునేవాళ్ళం. పట్టాల పండుగకు వాయిస్తాం, కొత్త విద్యార్థులు వచ్చినప్పుడు వాయిస్తాం, చలికాలంలో మాదే అయిన ఒక కచేరీ చేస్తాం.

మస్తానక్కదీ నాదీ నంద్యాల ప్రాంతమే. ఇద్దరం దూదేకులవాళ్ళం, అంటే ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలం. మా పెద్దవాళ్ళు దూది ఏకారు, పెళ్ళిళ్ళలో సన్నాయిలూ బాకాలూ ఊదారు. ఉర్దూ మాట్లాడేవాళ్ళు మమ్మల్ని సగం ముస్లింలుగా చూస్తారు. మిగతావాళ్ళు పూర్తి ముస్లింలుగా చూస్తారు. రెండు చూపులకూ తలవంచుకుని నడవడం నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదాన్ని మరిచిపోయేలా చేసింది మస్తానక్క.

నా భర్తకు రాస్ తనూరాలో కాంట్రాక్టు కంపెనీలో పని. ఆయన వెంట వచ్చి నేను కెమిస్ట్రీ ల్యాబులో చేరిన కొత్తలో, శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ళ దర్సు ఒకటి దమ్మామ్‌లో జరుగుతుందని తెలిసి వెళ్ళాను. ఒక బడి హాలు అద్దెకు తీసుకుని, అందరూ కలిసి నమాజు చేసి, ఖురాన్ పాఠం చెప్పుకుంటారు. నడిపేది హైదరాబాదు నుంచి వచ్చిన రఫియా ఆపా. ఎంతో చదువుకున్న మనిషి, ఎవరికి జ్వరం వచ్చినా ముందు గంజి పట్టుకెళ్ళే మనిషి. నన్ను నిలబెట్టి ఉర్దూలో పరిచయం చేసుకోమన్నారు. నాలుగు ముక్కలు మాట్లాడేసరికే నా ఉర్దూ అయిపోయింది.

"ఉర్దూ రాకుండ నమాజు ఎట్ల నేర్చినవమ్మా?" అన్నారు ఆపా, తెలుగులోకి మారి.

మొదటి వరుసలోంచి ఒక గొంతు లేచింది. "నమాజు అరబ్బీలో కదా ఆపా చేసేది? ఉర్దూలోకి ఎప్పుడు మార్చినారు? నాకు చెప్పనే లేదే!"

హాలంతా నవ్వింది. ఆపా కూడా నవ్వారు. తరువాత నన్ను ఖురాన్ చదవమన్నారు. ఊళ్ళో మా నానమ్మ, ఆ తరువాత మదర్సాలో ఉస్తాదు గారు నాకు నేర్పిన చదువు అదొక్కటే గట్టిది. కళ్ళు మూసుకుని చదివాను. పొడుగాటి ఆయతు వాక్యాలు కూడా ఊపిరి తెగకుండా చదవడం నాకు అలవాటు. ముగించేసరికి ఆపా కళ్ళు తడిగా ఉన్నాయి. అక్కడికక్కడే చిన్నపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పే తరగతి నాకు అప్పగించారు. పరాయి దేశంలో ఆ తరగతే నా ఇల్లు అయింది.

చెప్పులు వేసుకుంటుంటే ఆ గొంతు మనిషి, మస్తానక్క, వెనకనుంచి వచ్చి భుజం పట్టుకుంది. "యాడికి పోతాండావు మే? నిలబడు. నీ ఊపిరి ఎంత పొడుగుంది! రేపు సాయంత్రం అసర్ నమాజు అయినాంక మా ల్యాబుకు రా."

"ఎందుకక్కా?"

"రా, చెప్తా."

సిమెంటు దిమ్మెలను నలగ్గొట్టి బలం చూసే ల్యాబు అది. దిమ్మెల మధ్య అర్ధచంద్రంలా కుర్చీలు, కుర్చీల మీద మెరిసే గొట్టాలు. నా చేతిలో ట్రాంబోన్ పెట్టింది. దాని గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ స్వరం మార్చాలి. ఊదితే ఈనబోయే గేదె అరిచినట్టు వచ్చింది. బృందాన్ని నడిపించే ప్రొఫెసర్ రామోన్ ఫిలిప్పీన్స్ ఆయన, భూగర్భ శాస్త్రం చెబుతారు. గంభీరంగా తల ఊపి, "జంతువు ప్రాణాలతోనే ఉంది, ఇక పెంచుకోవచ్చు" అన్నారు ఇంగ్లిషులో.

"బుగ్గలతో ఊదొద్దు మే," అంది మస్తానక్క. "పిల్లలకు నువ్వే చెప్తావు కదా, అక్షరం లోపల్నించి పలకాలని? అదే ఇది. పొట్టలోంచి రానీ." స్వరం తప్పినప్పుడల్లా నేను క్షమించమని అడిగేదాన్ని. ఒకరోజు విసుక్కుంది. "సారీ చెప్పేదానికి ఎంత ఊపిరి పోతాందో చూసుకున్యావా? దాన్ని బాకాలో పెట్టు." అజాన్ వినపడగానే అందరికంటే ముందు వాద్యం కింద పెట్టేదీ ఆమే. నమాజు చేసేవాళ్ళం మూలన వరుసకట్టేవాళ్ళం. రామోన్ గారూ మిగతావాళ్ళూ మాట్లాడకుండా కూర్చునేవారు. సలాం తిప్పి నమాజు ముగించి లేచి, ఆగిన చోటి నుంచే మళ్ళీ అందుకునేవాళ్ళం.

సంగీతం విషయంలో మా పండితులు ఒకే మాట మీద లేరు. కూడదన్నవాళ్ళ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను. రఫియా ఆపా వాళ్ళ వైపు. నేను ట్రాంబోన్ నేర్చుకుంటున్నానని తెలిసిన శుక్రవారం, పేరు ఎత్తకుండానే, ఊదడం షైతాను పని అన్నారు.

"లోకం ముగిసే ఖయామత్ రోజు బాకా ఊదేది ఎవరు ఆపా?" అని అడిగింది మస్తానక్క. "షైతానా, దేవుని దూత ఫరిష్తానా?"

"అది అల్లా హుకుం మస్తానమ్మా. హుకుం అయినంక ఊదుతడు ఆయన."

"నేనూ హుకుం వచ్చేదాకా సాధన చేసుకుంటాండాలే."

ఖయామత్ గురించి నవ్వులాట నాకు నచ్చలేదు. లోలోపల తౌబా చెప్పుకుని అల్లాహ్ క్షమాపణ కోరాను. ఆ మాట ఆమెతో అంటే, "తౌబా నేనూ చెప్పుకున్యాలే, ఇంటికి పోయినాంక" అంది. ఆమె రాత్రి చివరి జామున లేచి తహజ్జుద్ నమాజు చేసే మనిషి అని చాలామందికి తెలియదు. ఆమె నవ్వు హాలంతా వినపడేది, ఏడుపు జానిమాజు చాప మీదే ఆగిపోయేది.

ఆ చలికాలపు కచేరీకి ఆమె ఒక పట్టు పట్టింది. మేము వేదిక మీద కుర్చీల్లో ఉండగా తెర లేవకూడదు. హాలు వెనక తలుపుల్లోంచి వాయించుకుంటూ, జనం మధ్యలోంచి నడిచి రావాలి. మన పెళ్ళి ఊరేగింపులా ఉంటుంది, గౌరవంగా ఉండదు అన్నారు బృందంలోని మన దేశం వాళ్ళే ఒకరిద్దరు.

"మా నాయన పెండ్లి బ్యాండులో ఊదుతాండె," అంది మస్తానక్క అందరి ముందూ. నాకు మాత్రమే అర్థమయ్యే తెలుగులో మొదలుపెట్టి, మళ్ళీ ఇంగ్లిషులో చెప్పింది. "ఊరేగింపులో అందరికన్నా ముందు ఆయనే. పెండ్లికొడుకు గూడ ఆయన ఎనకే. బంతి కాడికొస్తే మాత్రం, 'బ్యాండోళ్ళు ఆగండి, చుట్టాలు తిననీ' అంటాండ్రి. నేను నాయన పక్కన పెరట్లో కూచుంటాంటి. మిగిలింది పెట్టినారని కాదు నాకు కోపం. ముందు నడిపించి ఎనక కూచోబెట్టినారని."

రామోన్ గారు లేచి వెళ్ళి, ల్యాబు తలుపు నుంచి బోర్డు వరకు ఎన్ని అడుగులు పడతాయో నడిచి చూసుకున్నారు. అంతే, నిర్ణయమైపోయింది.

కచేరీకి వారం ముందు ఆపా నన్ను పక్కకు పిలిచారు. కోపంగా లేరు. అదే ఎక్కువ కష్టమైంది. "చూడు ఖాసింబీ, నీ ఇంట్లో నువ్వు ఏం జేసుకున్నా నేనడగ. కానీ నలుగురి ముంగట ఊదినవంటే, పిల్లలని నీ దగ్గర కూసోబెట్టలేను. వాళ్ళ తల్లులకు నేను జవాబు చెప్పాలె గదా. నువ్వే ఆలోచించుకో."

ఆ రాత్రి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ట్రాంబోన్ లేకుండా నేను బతకగలను. ఆ పిల్లల గొంతులు లేకుండా శుక్రవారం ఎలా గడుస్తుంది? మర్నాడు మస్తానక్క దగ్గరకు వెళ్ళాను. వాయించమంటుందని, తిట్టి అయినా వేదిక ఎక్కిస్తుందని నా ఆశ.

"నన్నడగొద్దు," అంది. "నేను చెప్పినానని ఊదినావనుకో, రేపు పాపమైతే నా నెత్తిన పెడతావు, పుణ్యమైతే నువ్వు తీసుకుంటావు. రెండు రకాతులు ఇస్తిఖారా నమాజు చేసుకోని, ఏది మంచిదో చూపమని అల్లాను అడుగు. కాని ఒకటి మే. ఊదినా ఊదకపోయినా శుక్రవారం దర్సు మానొద్దు. పొమ్మంటే పోయేదానికి అది ఎవరి అత్తగారిల్లూ కాదు."

ఇస్తిఖారా చేశాను. కలలు రాలేదు, వెలుగులు కనపడలేదు. మూడో రోజుకు గుండెలో బరువు మాత్రం ఒక వైపుకు తేలికైంది. కచేరీకి వెళ్ళాను.

హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో డీన్లు, వెనక కుటుంబాలు. తలుపులు తెరుచుకున్నాయి. నల్లటి అబాయా, తెల్లటి హిజాబు, గుండెకు ఆనించుకున్న బాకాతో మస్తానక్క ముందు నడిచింది. వెనక నేను, నా వెనక మిగతావాళ్ళు. సగం దూరం వెళ్ళామో లేదో, పక్క వరుసలోంచి ఒక మగగొంతు హిందీలో, "బారాత్ వచ్చిందిరోయ్!" అంది. చుట్టూ నవ్వులు.

మస్తానక్క ఆగిపోయింది. ఆగకూడదు, నడక తాళానికి కట్టిన పాట అది. ఆమె ఆ వరుస వైపు తిరిగి, ఊదుతున్న స్వరాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. నాకు ముందు దారి లేదు. నా స్వరాన్ని నేనూ పట్టుకున్నాను. వేదిక దగ్గర తాళం వేస్తున్న రామోన్ గారు మమ్మల్ని చూసి, చేయి గాలిలోనే ఆపారు. బృందమంతా ఆ ఒక్క శ్రుతి మీద నిలిచింది. నా కళ్ళ ముందు చుక్కలు కదిలాయి. ఆ నవ్వులు ఒకటొకటిగా ఆరిపోయేదాకా ఆమె కదలలేదు. పూర్తిగా ఆరిపోయాక, తొందర లేకుండా తిరిగి నడక అందుకుంది.

కచేరీ అయ్యాక ఆ పెద్దమనిషే వచ్చాడు, చాలా మర్యాదగా. ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారు మేడం అని అడిగాడు.

"మీలాంటివాళ్ళ పెళ్ళిళ్ళలో," అంది మస్తానక్క అతని హిందీలోనే, బాకాలో చేరిన ఊపిరి నీళ్ళు దులుపుతూ.

ఆ శుక్రవారం దర్సుకు వెళ్ళాను. పిల్లల దగ్గర ఇంకొకామె కూర్చుని ఉంది. "చెప్పిన గదా ఖాసింబీ," అన్నారు ఆపా మెల్లగా. "చెప్పారు ఆపా. నేను పాఠం వినడానికి వచ్చాను," అని మొదటి వరుసలో మస్తానక్క పక్కన కూర్చున్నాను. మూలనుంచి ఒక పాప తప్పుగా పలుకుతున్న అక్షరం వినపడుతూనే ఉంది. ఎప్పుడూ తప్పే అక్షరమే. దిద్దే హక్కు నాకు లేదు. తల ఎత్తుకునే విన్నాను. తరువాతి వారమూ వెళ్ళాను. ఆ తరువాతి వారమూ వెళ్ళాను. ఆ తరగతి మళ్ళీ నాకు రాలేదు. ముగ్గురు తల్లులు మాత్రం శనివారాలు పిల్లలను మా ఇంటికి పంపడం మొదలుపెట్టారు. దర్సూ మానలేదు, బాకా కూడా మానలేదు.

మస్తానక్క కాంట్రాక్టు ముగిసి, నిరుడు ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, నంద్యాల వెళ్ళిపోయింది. ఈ చలికాలం మొదట్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ తేరుకున్నాయి, అల్లాహ్ దయ. వీడియోలో మాట్లాడినప్పుడు మాట కొంచెం జారుతోంది.

"పెదవి ఎడమ పక్క లేయడంల్యా మే. బాకాకు పట్టు దొరకడంల్యా. దర్సులో దుఆ చేయించు. కాని ఓర్పు ఇమ్మని అడగొద్దు. ఓర్పు నా కాడ శానా ఉంది. పెదవి ఇమ్మని అడుగు."

మొన్న శుక్రవారం లేచి నిలబడి ఆ మాట చెప్పాను. "పాపం, జబ్బు నయమై శిఫా రావాలని అడుగుదాం," అన్నారు ఆపా వెంటనే, చేతులు ఎత్తుతూ.

"శిఫా ఒక్కటే కాదు ఆపా. మళ్ళీ బాకా ఊదడానికి పెదవి కావాలట. అదే అడగమంది."

ఆపా ఎత్తిన చేతులు దించలేదు. నా వైపు తిరిగారు.

"గా మాట నా నోట రాదు ఖాసింబీ. నువ్వే అడుగు. నేను ఆమీన్ అంట."

అడిగాను. ఉర్దూలో కాదు, తెలుగులో. దాచకుండా, వేరే మాట వెనక నక్కకుండా అడిగాను. అదే మాట ఇక్కడ మీ ముందు మళ్ళీ అడుగుతున్నాను. ఓ ప్రభూ, ఊపిరి నీది, పెదవి నీది. నీ దాసురాలు మస్తానమ్మకు ఆమె పెదవి తిరిగి ఇవ్వు. ఆమె బాకా ఊదాలి. చదువుతున్న మీకు ఆమె తెలియదు. బాకాలు మీకు గిట్టకపోవచ్చు కూడా. పరవాలేదు. అడిగే పని నేను చేశాను. మా ఆపా లాగా, మీరు ఆమీన్ అనండి.