కనుక్కుని చెప్తానన్న మాస్టారు

మా సోషల్ మాస్టారు పోయేరు. మొన్న మంగళవారం పొద్దున్న నా కొట్టు షట్టరు ఎత్తుతుంటే వాళ్ళ తమ్ముడుగారు వచ్చి, సెల్‌ఫోన్లో ఒక ఫొటో చూపించి, "ఇది పెద్దది చేసి ఇవ్వాలమ్మా, దండ వెయ్యడానికి" అన్నారు. ఆ ఫొటో నేను తీసిందే. కొత్తపేటలో నాది ఇంటర్నెట్ సెంటరు, జిరాక్సు కొట్టు. పింఛను తీసుకునే మాస్టార్లంతా బతికే ఉన్నామని చెప్పడానికి ఏటా నా దగ్గరికొచ్చి వేలిముద్ర వేసి వెళ్తారు. మా మాస్టారు వేలు పెట్టినప్పుడల్లా, "మిషను ఒప్పుకుందా అమ్మా? ఒప్పుకోకపోతే చెప్పు, ఇంటికెళ్ళి పడుకుంటాను" అనేవారు. ఆ మాట గుర్తొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని భోరున ఏడ్చేను. పాపం, చావింటి మనిషి ఆ తమ్ముడుగారు. ఆయనే నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చేరు.

మాస్టారి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయనకి అవార్డులు రాలేదు, పేపర్లో పేరు పడలేదు. ఒకసారి క్లాసులో ఒక మాట తొందరపడి అనేశారు. దాన్ని దిద్దుకోడానికి ఇరవయ్యేళ్ళు తిరిగేరు. ఆ మాట పడింది నేను కాబట్టి ఇది నేనే చెప్పాలి.

నేను పదో క్లాసులో ఉండగా మా నాన్న పోయేరు. రావులపాలెం నించి అరటిగెలల లోడు తీసుకెళ్ళే లారీకి డ్రైవరు. ధనుర్మాసం, దట్టంగా పొగమంచు. తెల్లారీ తెల్లారకుండా జొన్నాడ దగ్గర లారీ రోడ్డు దిగిపోయి ఒక టిఫిన్ కొట్టులోకి దూసుకుపోయింది. నాన్నా పోయేరు, కొట్లో ఇడ్లీ తింటున్న ఒక పెద్దాయనా పోయేరు. ఊరంతా ఒకటే మాట, డ్రైవరు నిద్రపోయేడని. మా ఇంటి ముందు నించి వెళ్తూ కూడా గొంతు తగ్గించకుండా అనేవారు. మా అమ్మ నోరు తక్కువదేం కాదు, కుళాయి దగ్గర వీధి మొత్తానికి ఒక్కత్తే జవాబు చెప్పగలదు. ఈ ఒక్క మాటకి మాత్రం తల దించుకుని లోపలికి వెళ్ళిపోయేది.

పెద్దకార్యం అయ్యేక బడికెళ్ళేను. మాస్టారు అప్పుడే బదిలీ మీద మా హైస్కూలుకి వచ్చేరు, ఎవరి పిల్లలెవరో ఇంకా తెలీదు. ఆ రోజు రెండో ప్రపంచ యుద్ధం పాఠం. పుస్తకంలో లేని సంగతి చెప్తానని మొదలెట్టేరు. యుద్ధం అయిపోవస్తున్న రోజుల్లో, న్యూయార్కులో మంచు కమ్మిన ఒక పొద్దున్న, ఒక మిలిటరీ విమానం వెళ్ళి వెళ్ళి అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనాన్ని గుద్దుకుందిట, లిఫ్టు నడిపే అమ్మాయితో సహా లోపలున్నవాళ్ళు పోయేరుట. డస్టరు విమానం, బీరువా భవనం. చేతిలో డస్టరు తిప్పుకుంటూ వచ్చి బీరువాకేసి ధనామని కొట్టేసరికి సుద్దపొడి లేచింది, మేమంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. "మంచేం చేస్తుందర్రా? నడిపేవాడికి ఒళ్ళు తెలియాలి గానీ! మొన్న మన జొన్నాడ దగ్గర లారీవాడు నిద్రపోయి కొట్లోకి వెళ్ళిపోలా? ఇదీ అంతే" అన్నారు.

క్లాసంతా నా వైపు తిరిగింది. మాస్టారికి అర్థం కాలేదు. నేను పుస్తకాలు తీసుకుని ఇంటికొచ్చేశాను.

నేనెవరి కూతుర్నో ఎవరో చెప్పినట్టుంది, మర్నాడు ఆయన హాజరు పట్టీ తెరవలేదు. బల్ల ముందుకొచ్చి నిలబడి, "నిన్న మీకు రెండు సంగతులు చెప్పేను. రెండిట్లో ఏదీ నేను చూసింది కాదు. ఎవరో అంటే విన్నాను, విన్నదాన్ని చూసినట్టు చెప్పేను. ఆ అమ్మాయిని క్షమించమని అడుగుతున్నాను. అసలు సంగతి కనుక్కుని చెప్తాను" అన్నారు. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. అనాల్సిందంతా అనేసి కనుక్కుంటాట్ట! ఆ ఏడంతా ఆయన మొహం చూడలేదు. సోషల్లో మార్కులు కూడా అలాగే వచ్చేయి.

నేను కొట్టు పెట్టుకునేసరికి ఆయన రిటైరయ్యేరు. ఒకరోజు గొడుగు చంకలో పెట్టుకుని, లావుపాటి నోటు పుస్తకం పట్టుకుని వచ్చేరు. "అమ్మాయ్, ఆ విమానం సంగతి ఇంకా తేలలేదు. అమెరికా వాళ్ళ పాత పేపర్లు ఇందులో దొరుకుతాయిట కదా" అన్నారు. నేను తెల్లబోయేను. ఈయన ఇంకా అక్కడే ఉన్నారా!

అలా ఏళ్ళ తరబడి వచ్చేరు. వచ్చినప్పుడల్లా పనస ఆకుల్లో ఉడికించిన ఇడ్లీలు, అదే పొట్టిక్కలు, తెచ్చి, "ముందు తిను, విమానం ఎక్కడికీ పోదు" అనేవారు. ఆధార్ పని మీద ఎవరైనా వస్తే లేచి కుర్చీ ఇచ్చేసేవారు. మస్కట్ వెళ్ళే ఆడవాళ్ళ కాగితాల్లో పేర్లూ పుట్టిన తేదీలూ సరిచూసి పెట్టేవారు. ఎవరూ లేనప్పుడు పాత పేపర్లు నా స్క్రీను మీద ఒక్కొక్క వాక్యమే చదువుకుని రాసుకునేవారు. ఎడం పేజీలో చూసినవాళ్ళు చెప్పింది, కుడి పేజీలో విన్నవాళ్ళు చెప్పింది. కుడి పేజీలు చకచకా నిండిపోయేవి. ఎడం పేజీలో ఒక్క ముక్క చేరాలంటే నెలలు పట్టేది.

భవనం పైభాగం మాకే కనిపించట్లేదని పైలట్‌తో కింద విమానాశ్రయం వాళ్ళు ముందే చెప్పేరని తెలిసింది. "అంటే చెప్పినా వినలేదు, అతని తప్పు లేదనడానికి లేదు" అని రాసుకున్నారు. ఇంకోరోజు కుర్చీలోంచి ఎగిరినంత పని చేసేరు. లిఫ్టు నడిపే అమ్మాయి ఒకామె అంత ఎత్తు నించీ లిఫ్టుతో సహా కింద పడి కూడా బతికిందిట. "బతికిందే అమ్మాయ్! నేను మీ క్లాసులో ఆ పిల్లని చంపేసేను!" అని తల పట్టుకున్నారు. నవ్వాపుకోలేకపోయేను. ఆయన దగ్గర నేను నవ్వడం అదే మొదలు. "తెలిసింది తెలుసని చెప్పు, తెలియంది తెలియదని చెప్పు. మధ్యలో వంట చెయ్యకు" అనేవారు. వంట చేసింది తనేనని కూడా తనే ఒప్పుకునేవారు.

కిందటేడు ఒకరోజు పుస్తకం మూసేసి, "కోప్పడనంటే ఒక మాట. విమానం సంగతి చాలా మటుకు తేలింది. రెండో సంగతి మిగిలిపోయింది. జొన్నాడ వెళ్దామా?" అన్నారు. కోప్పడ్డాను. మానిన పుండు ఎందుకు గోకడం, ఆ పుస్తకం ఇంక నా కొట్టులోకి తేవద్దన్నాను. "అలాగేనమ్మా" అని వెళ్ళిపోయేరు. మర్నాటి నించి పుస్తకం లేకుండా వచ్చి, పేపరు చదువుకుని, పొట్టిక్కలు పెట్టేసి వెళ్ళేవారు. ఒక్కసారి కూడా అడగలేదు. నెల తిరక్కుండా నేనే అడిగేను, "ఎప్పుడెళ్దాం మాస్టారూ?" అని. నాకూ తెలుసుకోవాలనే ఉండేది. నిజంగానే నిద్రపోయేరని తేలిపోతుందేమోనని భయం, అంతే.

రావులపాలెంలో బస్సు మారి వెళ్ళేం. రోడ్డు వెడల్పు చేసేరు, ఆ టిఫిన్ కొట్టు ఇప్పుడు లేదు. దానికి ఎదురుగా టీ కొట్టు మాత్రం ఉంది, అప్పట్నించీ ఒకే ముసలాయన నడుపుతున్నాడు. మాస్టారు టీ తాగి, నన్ను చూపించి, "ఈ అమ్మాయి ఆ డ్రైవరుగారి కూతురండి. ఆ పొద్దున్న మీరు చూసింది చెప్పండి. విన్నది వద్దు" అన్నారు.

"ఆయ్, ఉన్నానండి. పాలు కాస్తున్నానండి. ఏం చూస్తామండీ, ఎదర కొట్టే కనపళ్ళేదు."

"మరి ఏమైనా వినపడిందా?"

"వినపళ్ళేదా అండీ! హారనండి. ఆ మలుపు అవతల్నించీ ఆపకుండా కొట్టుకుంటా వచ్చేడండి ఆ బాబు. ఇంతలో ఆ హారను ఎదర కొట్టు వైపు తిరిగిందండి, ధన్మని శబ్దం వచ్చిందండి."

"ఎందుకు తిరిగిందో?"

"అది తెలీదండి."

మాస్టారు పెన్ను మూత తీసేరు. "ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదేమండీ?"

"ఎవరూ అడగలేదండి. డ్రైవరు నిద్రపోయేడంట కదా అన్నారండి. కాబోలు అనుకున్నానండి."

మాస్టారు ఎడం పేజీలో రాసుకుని, నా వైపు తిరిగి, "ఎందుకు తిప్పేరో తెలియదు. అది తెలియదనే ఉంచుదాం. కానీ నిద్రపోయినవాడు హారన్ కొట్టడు కదమ్మా" అన్నారు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పేను. ఆవిడ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టేసింది. "నిద్రపోలేదా?" అంది. మళ్ళీ చెప్పించుకుంది. అప్పుడు చెప్పింది, ఆ ప్రమాదానికి ముందు రాత్రి నాన్నని పడుకోనివ్వకుండా పోట్లాడిందిట. దేని గురించో కూడా ఇప్పుడు గుర్తు లేదుట. "నా మూలానే కునుకు పట్టిందనుకున్నానే. నేనే చంపుకున్నాననుకున్నానే" అని గుండెలు బాదుకుని ఏడ్చింది. అంత ఏడుపు నాన్న పోయిన రోజు కూడా చూడలేదు నేను. ఇరవయ్యేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకీ సంగతి తెలీదు.

మర్నాడు మంచి చీర కట్టుకుని, అరడజను చక్రకేళి అరటిపళ్ళు సంచిలో వేసుకుని, "పద, మీ మాస్టారింటికి" అంది. అప్పటికే ఆయనకి ఒంట్లో బాగోలేదు. జొన్నాడ ప్రయాణమే కష్టమైనట్టుంది, పడక్కుర్చీలో ఉన్నారు. అమ్మని చూసి లేవబోయేరు. "మీరు కూర్చోండి మాస్టారూ. ఆ విమానం సంగతి మా అమ్మాయి ముక్కలు ముక్కలుగా చెప్పిందండి. మీరు సరిగ్గా చెప్పండి" అంది అమ్మ.

ఆయన పుస్తకం తెప్పించుకుని, ఆ పొద్దుటి మంచు దగ్గర్నించి మొదలుపెట్టి గంటసేపు చెప్పేరు. బడి గడప తొక్కని మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెప్ప వెయ్యకుండా వింది. అంతా అయ్యేక అడిగింది.

"ఆ విమానం నడిపినాయనకి పెళ్ళయిందాండీ?"

"అయిందమ్మా. చంటిబిడ్డ కూడా ఉన్నాడని చదివేను."

"ఆవిడ దగ్గరికి ఎవరైనా వెళ్ళేరాండీ? మీలాగ?"

మాస్టారు పేజీలు తిప్పేరు. ఎన్నో అంతస్తు, ఏ ఇంజను ఎటు పడింది, మంటలు ఎంతసేపున్నాయి, లిఫ్టు ఎలా తెగింది, అన్నీ ఉన్నాయి. మళ్ళీ మొదటి నించీ తిప్పేరు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తెలియదమ్మా. ఇన్నేళ్ళలో అది వెతకాలని నాకు తోచలేదు."

మా అమ్మ అరటిపండు ఒలిచి ఆయన చేతిలో పెట్టింది. "అయితే వెతకండి మాస్టారూ" అంది.